కూర్చోబెట్టి తీసిన కొలత

నిన్న బట్టల కొట్లో లంగా గుడ్డ తీసుకుంటుంటే, కొట్టతను పాప్లిన్ అంచు మీద కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని చర్రుమని చించాడు. కొత్త గుడ్డ చిరిగేటప్పుడు గంజి పొడి కొంచెం లేచి ముక్కుకి తగులుతుంది. ఆ చప్పుడూ ఆ వాసనా కలిసి వచ్చేసరికి చెయ్యి చాపిన దాన్ని చాపినట్టే నిలబడిపోయాను. "ఏంది మేడం, రంగు నచ్చలా?" అని అతను అడిగాడు. నచ్చిందని చెప్పి గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. పక్కనే ఉన్న మా ఆయన, వచ్చే నెలలో ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడు ఈ లంగాలెందుకని గొణిగాడు. వచ్చే నెల దాకా ఏం కట్టుకోమంటావని అడిగితే పర్సు తీశాడు. నాకు మాత్రం సైదాబీ పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ కత్తెర కోసం వెతుక్కునేది కాదు. పంటితో కొరికి చించేది. అరవై ఏళ్ళొచ్చినా ఆ పళ్ళు అలాగే ఉన్నాయని గొప్పగా చెప్పుకునేది కూడా.

సైదాబీ పిన్ని మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. నరసరావుపేటలో మా ఇంటికి రెండు సందుల అవతల, ఒక గది, ఒక వసారా, ఆ వసారాలో ఒక కుట్టుమిషను. లంగాలు, జాకెట్లు, చీరలకి ఫాల్సు. భర్త పోయాక తమ్ముడి కూతురు షాహీనా కుటుంబంతో ఆవిడ దగ్గరే ఉండేది, హుక్కులూ కాజాలూ ఆ అమ్మాయి పని. పేరుకి నేను టీచర్ని, ఆవిడ ఐదో తరగతితో ఆపేసిన మనిషి. కానీ నలభై నాలుగేళ్ళ వయసులో నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టి మొదటి నుంచి నేర్పింది ఆవిడే.

నేను లెక్కల టీచర్ని. రొంపిచర్ల దారిలో ఒక ఊరి హైస్కూల్లో పని చేస్తాను. కిందటేడు వేసవి సెలవుల్లో కడుపునొప్పి వచ్చింది. గ్యాసనుకుని సోడా తాగాను, వాము నమిలాను, మూడు రోజులు నాకు నేనే డాక్టర్నయ్యాను. నాలుగో రోజు గుంటూరు తీసుకెళ్ళేసరికి పెద్దపేగుకి చిల్లు పడిందన్నారు, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చాక చూసుకుంటే బొడ్డుకి ఎడమ పక్కగా పొట్ట మీద ఒక సంచి అతికించి ఉంది. పేగు చివరని బయటికి తీసి చర్మానికి కుట్టామనీ, దాన్ని స్టోమా అంటారనీ, ఇక నుంచి మలం ఈ సంచిలోకి వస్తుందనీ డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. నేను ఏడుపు మొదలుపెట్టగానే, "శాశ్వతం కాదమ్మా. లోపల మానిపోయాక, ఆరు నెలలకి మళ్ళీ కలుపుదాం" అన్నారు. ఆయన చెప్పిన వంద మాటల్లో నా చెవికెక్కింది ఆ ఆరు నెలలే. ఆ ఆరు నెలలూ నేను బతికి లేనట్టే ఉండాలని, ఎవరి కంటా పడకూడదని, ఏడో నెలలో ఏమీ జరగనట్టు లేచి స్కూలుకి వెళ్ళిపోవాలని ఆసుపత్రి మంచం మీదే నిర్ణయం చేసేశాను.

మొదటి నెల చెకప్పుకి గుంటూరు వెళ్ళేటప్పుడు చీర కట్టుకున్నాను. సంచి జారి కింద పడుతుందేమోనని నా భయం. అందుకని లంగా బొందు సరిగ్గా దాని మీదుగా తెచ్చి, ఎప్పటికంటే రెండింతలు బిగించి ముడేశాను. ఎన్నో ఏళ్ళుగా చీర కట్టుకుంటున్న ఆడదానికి ఏది జారుతుందన్నా తోచే ఉపాయం అదొక్కటే. ఫిరంగిపురం దాటకముందే కారులో వాసన మొదలైంది. చూసుకుంటే కుచ్చిళ్ళు తడిసిపోయాయి. మా ఆయన ఏమీ అనకుండా కారు వెనక్కి తిప్పించాడు, డ్రైవరు ఏమీ అనకుండా అద్దాలు దించాడు. వాళ్ళిద్దరిలో ఎవరన్నా ఒక మాట తిట్టినా బాగుండేదనిపించింది. ఆ రోజు నుంచి చీరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. నైటీల్లోకి దిగాను. గది దాటడం మానేశాను. సంచి మార్చుకునేటప్పుడు కూడా కళ్ళు సగం మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, చేతి తడుముడు మీదే పని కానిచ్చేదాన్ని.

నైటీలు చాలక ఇంకో రెండు కుట్టించమని మా ఆయన్ని పంపిస్తే, ఆయన గుడ్డ పట్టుకుని సైదాబీ పిన్ని దగ్గరికి వెళ్ళాడు. "ఎడమ పక్క బాగా వదులుగా పెట్టండి" అన్నాడట. కుడి పక్కకి లేని వదులు ఎడమ పక్కకి ఎందుకని ఆవిడ అడిగితే నీళ్ళు నమిలాడట. మర్నాడు పొద్దున మెడలో టేపు వేసుకుని ఆవిడే మా ఇంటికి వచ్చేసింది. పొట్టి మనిషి, గట్టి గొంతు, చీర మీద ఎప్పుడూ ఎక్కడో ఒక చోట దారం ముక్కలు. నేను తలుపు సగమే తీసి, పాత నైటీ ఇస్తాను ఆది చూసుకోండి అన్నాను.

"ఆది నాకెందుకమ్మాయ్? మనిషి బతికుంటే మనిషికే కొలత తీస్తా. ఇట్టా రా" అంది.

నిటారుగా నిలబడ్డాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి మంచం మీద కూర్చోబెట్టింది.

"కూర్చో. నిలబడి కొలతిచ్చేది పెళ్ళి ఫోటోకి. మిగతా బతుకంతా కూర్చునేది, వంగేది, అంట్లు తోమేది. ఆ కొలత కావాల నాకు."

ఛాతీ కొలిచింది, చేతులు కొలిచింది. టేపు నడుం దగ్గరికి రాగానే నేను చేత్తో ఎడమ పక్క అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. నా మొహంలోకి చూసింది. ఇక వాసన వస్తోందంటుంది, లేచిపోతుంది అనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఎన్నాళ్ళయింది సంచి పెట్టి?" అంది, జాకెట్టు కుట్టి ఎన్నాళ్ళయిందని అడిగినంత మామూలుగా.

ఆవిడ తన పొట్ట మీద ఎడమ పక్క రెండు సార్లు తట్టుకుంది. "నాది పదకొండేళ్ళు. కింద క్యాన్సరొస్తే తీసేసి కుట్టేశారు. మళ్ళీ కలిపేదేం లేదు, ఇది చచ్చేదాకా నాతోనే. ఈ బజారులో సగం మంది ఆడోళ్ళకి జాకెట్లు కుట్టా, ఒక్కదానికీ తెలవదు. నీకిప్పుడు తెలిసింది, ఎవరితోనన్నా అన్నావంటే నీ జాకెట్టు మెడ వెనక్కి పెట్టి కుడతా" అంది.

రెండు నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట కుట్టు దగ్గర లాగింది. లాగినా నవ్వాను. వంటింట్లో ఉన్న మా ఆయన గిన్నె కింద పడేసుకుని పరుగెత్తుకొచ్చాడు, ఏడుస్తున్నాననుకుని.

అలా మొదలైంది నా చదువు. ఆవిడ స్టోమా అనేది కాదు, ఆ మాట నోరు తిరగదనేది. అల్లుడు అనేది. "నాకు కూతుళ్ళు లేరే. అయినా ఒక అల్లుడొచ్చి పడ్డాడు. వేళకి పెట్టాల. నలుగురున్నప్పుడే కూత పెడతాడు. నువ్వు ఊరు పోదామనుకున్న రోజే అలుగుతాడు. కోప్పడ్డానికి లేదు, పంపించేదానికి లేదు. అల్లుడు కాక మరేంది?" నాదైతే కొత్తల్లుడు కాబట్టి ఇంకా మర్యాదలు ఎక్కువ కావాలంటాడని తేల్చింది. పేగు గురించి ఇలా మాట్లాడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో మేమిద్దరం దాన్ని 'అది' అనే అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి.

బొందు సంగతి చెప్పినప్పుడు ఆవిడ తల కొట్టుకుంది. "నువ్వు లెక్కల టీచరువెట్టా అయ్యావే? సంచి మీద బొందు బిగిస్తే వచ్చేది కిందికెట్టా దిగిద్ది? దారి లేక, చర్మానికి అతికించిన ప్లేటు కిందికి దూరిద్ది, అతుకు లేచిపోద్ది. అది జారి పడేది కాదు తల్లీ. నువ్వు బిగించే కొద్దీ పైకి తన్నుద్ది." తర్వాత రెండు రోజుల్లో ఒక లంగా కుట్టి తెచ్చింది. బొందు లేదు. జానెడు వెడల్పున మెత్తటి పట్టీ, ఎక్కడా నొక్కకుండా నడుమంతా పరుచుకునేలా. కుడి పక్క నాలుగు హుక్కులు. ఎడమ పక్క లోపల, సంచి దిగి కూర్చోవడానికి పల్చటి మల్లుగుడ్డతో జేబు. అది నేను కూర్చున్నప్పటి కొలత కాబట్టి కూర్చున్నా లేచినా ఒకేలా ఉంది. ఆ పద్ధతి ఆవిడ తన కోసం తనే కనిపెట్టుకుంది. ఎన్ని లంగాలు పాడుచేస్తే కుదిరిందో అడిగితే లెక్క పెట్టలేదంది.

సంచి అతికించుకోవడం కూడా మళ్ళీ మొదటి నుంచి నేర్పింది. ఉత్త నీళ్ళతో కడుక్కోవాలి, సబ్బు జిడ్డు ఉంటే అంటుకోదు. పాత మల్లుగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ప్లేటుని ఐదు నిమిషాలు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాలి. అతికించాక దాని మీద అరచెయ్యి ఆనించి కదలకుండా కూర్చోవాలి. ఆవిడ ఆ కాసేపట్లో ప్రవక్తని తలుచుకుంటూ దరూదు చదువుకునేదట. నన్ను ఎక్కాలు చదువుకోమంది. పదిహేడో ఎక్కం రెండు సార్లు చదివితే సరిగ్గా అతుక్కుంటుందని కనిపెట్టి చెబితే, "ఇదిగో, ఇప్పుడు టీచరువనిపించావు" అని మెచ్చుకుంది.

ఇక తిండి. బయటికి వెళ్ళాల్సి వస్తుందేమోనన్న అనుమానం ఉన్న రోజు నేను ఏమీ తినేదాన్ని కాదు. లోపల ఏమీ లేకపోతే బయటికి ఏమీ రాదని నా లెక్క. ఖాళీ కడుపులో గాలి చేరి, సంచి బూరలా ఉబ్బేది. ఆవిడ ఆ లెక్కకి కూడా సున్నా వేసింది. "వేళకి తిను. ముల్లంగి, గుడ్డు తిన్న రోజు నలుగుర్లోకి పోమాక. మజ్జిగ తాగు. అంతే. నేను శుక్రవారం బిర్యానీ ఎప్పుడూ మానలా" అంది. నమాజు సంగతి అడిగాను, ఈ సంచితో ఎలా అని. మొదట్లో తనకీ అదే దిగులుండేదని, మసీదు పెద్దమనిషిని అడిగిస్తే, నీ చేతుల్లో లేని దానికి తప్పులేదమ్మా, ప్రతి నమాజుకీ కాళ్ళూ చేతులూ కడుక్కుని కొత్తగా వజూ చేసుకుని చదువుకో అన్నాడని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు మెత్తబడింది.

ఇంత నేర్చుకున్నా నేను గడప దాటలేదు. ఇంట్లో బొందు లేని లంగా మీద చీర కట్టుకుని, అద్దంలో చూసుకుని, మళ్ళీ విప్పి నైటీలోకి మారేదాన్ని. పిన్ని ఎన్నిసార్లు స్కూలు మాట ఎత్తినా, ఆరు నెలలు కానీ పిన్నీ, అది తీసేశాక వెళ్తానుగా అనేదాన్ని. ఆవిడ "ఊఁ" అనేది. ఆ 'ఊఁ'లో ఆవిడకి నచ్చలేదని తెలుస్తూనే ఉండేది. నేను తెలియనట్టు ఉండేదాన్ని.

ఆరో నెల వచ్చింది. గుంటూరులో పరీక్షలు చేశారు. లోపల వాపు తగ్గలేదు, పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, ఇప్పుడు కలిపితే నిలవదు, ఇంకో ఆరేడు నెలలైనా ఆగాలి అన్నారు డాక్టరుగారు. సాయంత్రం పిన్ని వచ్చింది, చేతిలో నా కోసం కుట్టిన ఇంకో లంగా ఉంది. సంగతి విని, "పోనీలేవే, మానేదాకా ఆగటమే మంచిది. ఆరు నెలలెంతలో పోతయ్యి?" అంది.

నాలో ఏదో తెగిపోయింది. "నీకైతే అలవాటైపోయింది పిన్నీ. నాకెందుకు ఈ ఖర్మ? నేను నీలాగా ఇట్టాగే ఉండిపోలేను" అని అరిచాను.

ఆవిడ ఆ లంగా అంచున ఉండిపోయిన సూదిని తీసి అలవాటు ప్రకారం పైట అంచుకి గుచ్చుకుంది. "అలిసిపోయున్నావు. పడుకో" అని లంగా కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. తర్వాత మూడు రోజులూ రాలేదు. ఎప్పటికీ తీయించుకోలేని మనిషి ముందు, తీయించుకోబోయే నేను ఏం కూశానో నాకు మొదటి రాత్రే అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన్ని వెళ్ళి పిలుచుకు రమ్మంటే, "అన్నది నువ్వు. కాళ్ళున్నది నీకు" అన్నాడు. అంత సూటిగా ఆయన మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఐదో రోజు చీర కట్టుకుని వీధిలోకి వచ్చాను. రెండు సందులు. ఎదురుపడిన వాళ్ళు ఆగి, టీచరుగారూ చిక్కిపోయారే అన్నారు, ఆరోగ్యం బాగుందా అన్నారు, వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళారు. ఇందుకా నేను ఆరు నెలలు తలుపు వేసుకు కూర్చున్నది అనుకుంటూ నడిచాను. పిన్ని మిషను మీద ఉంది. తలెత్తి చూసి, "రా. ఆ కుచ్చిళ్ళేంది అట్టా ఏడుస్తున్నయ్యి?" అంది. కుచ్చిళ్ళ సంగతేమో గానీ నేను ఏడ్చాను. తప్పయిపోయింది పిన్నీ అన్నాను. షాహీనా కాజా కుడుతున్న జాకెట్టు పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

పిన్ని మిషను ఆపి నా ఎదురుగా కూర్చుంది. "నేనెందుకు రాలేదనుకున్నావు? అలిగి కాదు. నువ్వొస్తావా రావా చూద్దామని. నేనొస్తా ఉంటే నీకు గడప దాటే పనే లేదు గదా" అంది. తర్వాత చేతిలోని దారం ఉండ తిప్పుకుంటూ చెప్పింది. "ఈ సంచి పెట్టిన కొత్తల్లో మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నానే. అప్పుడు మాచర్లలో మా అమ్మ పోయింది. కబురొచ్చింది. బస్సులో వాసనొస్తదేమో, జనం దిగిపొమ్మంటారేమోనని పోలా. నాకు జొరమని మా తమ్ముడికి అబద్ధం చెప్పించా. ఆఖరికి అమ్మ మొహం చూళ్ళా. దేవుడు తీసింది పేగు ముక్క. అమ్మని చూడకుండా చేసుకుంది నేను. నీలాగా ఉండలేనన్నావు చూడు, బాగా అన్నావు. నాలాగా ఉండమాక."

"మరి ఆపరేషన్?" అన్నాను చిన్నపిల్లలా.

"అయితే అయ్యిద్ది. దాని సంగతి డాక్టరు చూసుకుంటాడు. పదో తరగతి పిల్లకాయల సంగతెవరు చూస్తారు?"

తర్వాతి సోమవారం మళ్ళీ స్కూల్లో చేరాను. పిన్ని ఒక ఉపాయం చెప్పి పంపింది. అల్లుడు కూత పెట్టబోయే ముందు లోపల చిన్నగా కదలిక తెలుస్తుంది, ఆ క్షణంలో కుర్చీ బరబరా జరపాలి. ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. మొదటి వారం నేను కుర్చీ జరిపినన్ని సార్లు ఆ స్కూలు పుట్టాక ఎవరూ జరిపి ఉండరు. పక్క గదిలో సోషల్ చెప్పే ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళేది. శనివారం హెడ్మాస్టరుగారు స్వయంగా వచ్చారు. "ఆ కుర్చీతో ఇబ్బంది పడుతున్నారమ్మా, నాకు వినపడుతూనే ఉంది" అని, వడ్రంగిని పిలిపించి కాళ్ళు సరిచేయించి, నాలుగింటికీ రబ్బరు బుష్షులు వేయించారు. సోమవారం వచ్చి జరిపితే కుర్చీ పిల్లిలా కదిలింది. చప్పుడే లేదు.

ఆ రోజే పదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అల్లుడుగారు గొంతెత్తారు. ముందు బెంచీల్లో ఇద్దరు తలెత్తారు, వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. పారిపోదామా అనిపించింది. కానీ ఆ పూట తలుపు దాటితే మళ్ళీ ఆ గదిలోకి రానని నాకు తెలుసు. "అది నా కడుపే" అన్నాను. "నాకు పేగు ఆపరేషన్ అయింది. ఇంకోటి అవ్వాలి. అప్పటిదాకా అప్పుడప్పుడూ ఇలా చప్పుడొస్తుంది, ఆపడం నా చేతుల్లో లేదు. మూడో లెక్క ఎంతమంది చేశారు?" మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, "మేడం, నొప్పి పుట్టిద్దా?" అని అడిగింది. పుట్టదని చెప్పాను. అయితే మూడో లెక్కలో ఇచ్చిన కోణం తప్పు పడింది మేడం అంది. నిజంగానే బోర్డు మీద తప్పు రాశాను. దిద్దుకున్నాను. అంతటితో అయిపోయింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా పిన్ని దగ్గరికి వెళ్ళి చెప్పాను. బుష్షుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వాపుకోలేక మిషను మీద తలపెట్టుకుంది. "ఎంత మంచోడే మీ హెడ్మాస్టరు! ఎంత మంచోడే!" అని కళ్ళు తుడుచుకుంటూ వారం రోజులు అదే మాట. షాహీనాకి ఏం జరిగిందో తెలియదు, మమ్మల్ని చూసి తనూ నవ్వింది.

ఈ ఏడాది వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున, మిషను దగ్గర టీ తాగుతూ పిన్ని పక్కకి ఒరిగిపోయిందట. గుండె. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు. షాహీనా ఫోన్ చేస్తే స్కూలు నుంచి వెళ్ళాను. వాకిట్లో మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళు. రేగాకు వేసి నీళ్ళు కాస్తున్నారు. స్నానం చేయించే పెద్దావిడ వచ్చి ఉంది గానీ పని మొదలు కాలేదు. షాహీనా నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"టీచరమ్మా, సంచి తియ్యాల. మాకెవరికీ తెలీడం లా. ఇన్నేళ్ళలో నాక్కూడా చూపించలేదామె. లాగితే చర్మం ఊడొస్తదేమోనని అందరూ భయపడతన్నారు. ఆమె పోతే నిన్ను పిలవమని నాతో ఒకసారి అంది. నేను కసురుకున్నా. నువ్వు తీస్తావా?"

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా తప్పుకుని చోటిచ్చింది. దుప్పటి చాటున పిన్ని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పట్టీ హుక్కులు విప్పాను. తడిగుడ్డతో ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని, రెండో చేత్తో ప్లేటుని పై అంచు నుంచి నెమ్మదిగా వలిచాను, ఆవిడ నేర్పినట్టే. గీత కూడా పడకుండా వచ్చింది. కింద ఉన్నదాన్ని చూశాను. గుండ్రంగా, చిన్నగా ఉంది. నాది నేను ఏడాదిగా మొహం తిప్పుకునే కడుక్కుంటున్నాను. ఆవిడది కళ్ళు విప్పి చూశాను. భయమూ వెయ్యలేదు, అసహ్యమూ వెయ్యలేదు. ఉత్త నీళ్ళతో కడిగాను, మల్లుగుడ్డతో అద్దాను, దూది పెట్టి ప్లాస్టరు వేశాను. ప్లాస్టరు మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. ఇక అతుక్కోవాల్సిన పని లేదని తెలిసినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. పెద్దావిడ నా భుజం తాకాక లేచి, ఇక మీరు చేసుకోండమ్మా అని బయటికి వచ్చేశాను. ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని, నాది కూడా మొదటిసారి సరిగ్గా చూసుకున్నాను. అచ్చం అలాగే ఉంది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

వచ్చే నెలలో నా ఆపరేషన్. కలిపితే నిలుస్తుందనే అనుకుంటున్నాం, నిలవకపోతే మాత్రం మళ్ళీ సంచి తప్పదు, అప్పుడు బహుశా ఎప్పటికీ అని డాక్టరుగారు ముందే చెప్పారు. కాగితాల మీద సంతకం పెట్టాను. పదో తరగతి పిల్లలకి నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ చెయ్యాల్సిన లెక్కలు రాసిచ్చాను. ఏది జరిగినా సెలవు అయిపోయిన మర్నాడు స్కూల్లో ఉంటానని వాళ్ళకి మాటిచ్చాను, ఉంటాను. ఆ ధైర్యం నాకు పిన్ని ఇచ్చి వెళ్ళింది. ఇవ్వనిది ఒక్కటే. ఆపరేషన్ నిలిస్తే పరుగున వెళ్ళి చెప్పుకోవడానికి ఆవిడ లేదు. నిలవక నేను మళ్ళీ గదిలో దూరి తలుపేసుకుంటే, వచ్చి తిట్టడానికీ లేదు. ఆ తిట్లు ఇక లేవన్న దిగులే నాకు ఎక్కువగా ఉంది.